అల్లం బీరు తోడు

మా మేనత్త పోయిందన్న కబురు ఎస్టీడీ బూతుకి వచ్చింది. ఊళ్ళో మా అంగడికి ఎదురుగానే బూతు. నేను బెల్లం బస్తాలు దింపించుకుంటుంటే బూతాయన చెయ్యెత్తి పిలిచాడు. మద్రాసు నుంచి బావ, అంటే అత్త కొడుకు, లైన్లో ఉన్నాడు.

"పొద్దున కాఫీ తాగింది. జాడీ గుడ్డ విప్పి చూసింది. కళ్ళు తిరగతా ఉండాయి అని ఆడనే కూర్చుండిపోయింది. అంతే," అన్నాడు. "నువ్వు బయల్దేరి రా," అని పెట్టేశాడు.

ఊరి పేరు చెన్నై అని మార్చి కొంతకాలమైంది. అత్తకి మాత్రం చివరిదాకా అది మద్రాసే.

ఆ జాడీ సంగతి చెప్పకుండా అత్త సంగతి చెప్పలేను. తొండియార్‌పేటలో తన ఇంట్లో ఆమె అల్లం బీరు చేసేది. పేరులో బీరు ఉందిగాని అందులో మత్తు ఉండీ లేనట్టు. అల్లం, చక్కెర, నిమ్మరసం, నీళ్ళు, వాటిని పొంగించడానికి కొంచెం తోడు. కిరాణా వ్యాపారం చేసుకునే ఇంట్లో బీరు అనే మాట వినపడటం మామకి తలవంపులుగా ఉండేది. చుట్టాలు అడిగితే సోడా అని చెప్పేవాడు. ఒకసారి ఎవరో ఉప్పందిస్తే పోలీసాయన విచారణకి వచ్చాడు. అత్త ఆయన్ని కూర్చోబెట్టి ఒక గ్లాసు ఇచ్చింది. ఆయన అది తాగి, ఇంకో గ్లాసు అడిగి తాగి, మూతి తుడుచుకుని, "అంతా సరేమ్మా, ఆ పేరు ఒక్కటీ మార్చకూడదా?" అన్నాడు.

"పిల్లకి పేరు పెట్టింది నేను కాదు సామీ, పెంచతా ఉండాను, అంతే," అంది అత్త.

పేరు పెట్టింది రాయపురంలో కుట్టు నేర్పే ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ. అత్త పెళ్ళయి కొత్తగా మద్రాసు వచ్చినప్పుడు ఆమె దగ్గర కుట్టు నేర్చుకుంది. టీచరమ్మ కుటుంబం ఆస్ట్రేలియా ఓడ ఎక్కే ముందు మిషను వేరేవాళ్ళకి ఇచ్చి, గాజు జాడీ అత్త చేతికి ఇచ్చిందట. అది ఆమెకి వాళ్ళ అవ్వ ఇచ్చింది. ఆ అవ్వకి ఎవరిచ్చారో ఎవరికీ తెలియదు. సముద్రం మీద దాన్ని బతికించుకోలేనని టీచరమ్మ భయపడింది. "చంపవద్దు" అని మాత్రం చెప్పి వెళ్ళింది.

జాడీలో ఏముందో నేను మొదటిసారి చూసినప్పుడు నాకు పాతికేళ్ళు కూడా లేవు. సౌకార్‌పేటలో ఒక మిరపకాయల హోల్‌సేల్ కొట్టులో పని దొరికి, అత్త ఇంట్లో దిగాను. తెల్లటి మసక నీళ్ళలో నానిన సగ్గుబియ్యం లాంటి గింజలు అడుగున ఉన్నాయి. పాచిపోయిందేమో పారబోద్దామా అని అడిగాను. అత్త నా చెవి పట్టుకుని జాడీకి ఆనించింది.

"చూస్తే తెలీదు. విను."

లోపల ఏదో చిటచిటమంటోంది. చాలా సన్నగా, దూరంగా ఎక్కడో చిటపట చినుకులు పడుతున్నట్టు. తల ఎత్తి చూస్తే ఒక గింజ అడుగు నుంచి లేచి, నెమ్మదిగా పైకి వచ్చి, ఒక బుడగ వదిలి, మళ్ళీ కిందికి దిగింది. దాని వెనక ఇంకొకటి. మా ఊళ్ళో తాటిచెట్టు మీద కుండలో కల్లు పొంగడం చూసినవాణ్ణి. ఇడ్లీ పిండి పొంగడం రోజూ చూసేవాణ్ణి. అయినా నా ఒళ్ళు జలదరించింది. ఎప్పుడు పుట్టిందో తెలియనిది, ఎన్ని చేతులు మారిందో తెలియనిది, ఒక వంటింటి అలమారలో కూర్చుని ఊపిరి తీస్తోంది. పెంచినవాళ్ళు పోతున్నారు. అది ఉంది.

అత్త దానికి రోజూ చక్కెర, తురిమిన అల్లం వేసేది. జాడీ నీళ్ళు వడగట్టి, నిమ్మరసం కలిపి, చక్కెర నీళ్ళలో పోసి, సీసాలకెత్తి, తడి ఇసకలో పాతేది. మద్రాసు ఎండకి ఒక్కోసారి సీసా పేలేది. "ఊపిరి తీసేదాన్ని బిగించి కట్టకూడదు. నాదే తప్పు," అని గాజుపెంకులు ఏరుకునేది. మనుషుల విషయంలోనూ ఆమె అలాగే ఉండేది. ఎక్కడికి పోయావు, ఎందుకు ఆలస్యమైంది అని నన్ను ఒక్కనాడు అడగలేదు.

సీసాలు తీసుకుపోవడానికి హార్బరు దగ్గరి ఒక పాత హోటలు నుంచి బార్‌మన్ సైకిలు మీద వచ్చేవాడు. తాతల కాలం నుంచి రాయపురంలో స్థిరపడిన తెలుగువాడు. ఓడల మీద వచ్చే ఆఫీసర్లు రమ్ములో అల్లం బీరు కలుపుకుని తాగుతారని అతనే చెప్పాడు. వచ్చినప్పుడల్లా అరుగు మీద కూర్చుని బార్ల ప్రపంచంలోని వార్తలన్నీ అత్తకి చెప్పేవాడు. బెంగుళూరులో పబ్బులంట, కొళాయి తిప్పితే బీరంట. నీలం రంగు కాక్‌టెయిలంట, తాగేవాడి నాలుక కూడా నీలమంట. హోటల్లో ఓడవాళ్ళు వదిలేసిన ఇంగ్లీషు పత్రికలు తెచ్చి బొమ్మలు చూపించేవాడు.

"ఇది చూడుక్కా. అమెరికాలో మనుషులు ఇంటి వెనక కొట్టాల్లో సొంతంగా బీరు కాస్తా ఉండారంట. కాఫీ గింజలేస్తారంట, నారింజ తొక్కలేస్తారంట. పెద్ద కంపెనీ బీరు వద్దు, ఇదే కావాలని జనం క్యూ కడతా ఉండారు. పేపర్లో ఫోటో యేసినారు."

అత్త కళ్ళద్దాలు సవరించుకుని ఫోటోలో గడ్డపాయన్ని చాలాసేపు చూసింది.

"ఆడ ఇంట్లో చేస్తే పేపరోడొస్తాడు. ఈడ చేస్తే పోలీసోడొస్తాడు," అంది.

మామ పోయినప్పుడు ఆ జాడీకి మొదటి గండం వచ్చింది. మైల ఉన్నన్నాళ్ళు మా ఇళ్ళలో ఊరగాయ జాడీలు, పెరుగు తోడు ఇంటివాళ్ళు ముట్టుకోరు. ముట్టుకుంటే చెడిపోతాయని నమ్మకం. ఊరగాయ ఆగుతుంది. పెరుగు తోడు పక్కింట్లో దొరుకుతుంది. ఇది తిండి లేకపోతే చస్తుంది, చస్తే ఎక్కడా దొరకదు. అత్త మూల కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయి, కళ్ళు వాచి, గోడకి ఆనుకుని అలమారా వైపే చూస్తోంది. ఆ చూపు దేనికోసమో ఇంట్లో అందరికీ తెలుసు. నాతో సహా అందరికీ మైలే, ఎవరూ కదలలేదు. అప్పుడే పలకరించడానికి బార్‌మన్ వచ్చాడు. అత్త అతని వైపు చూసింది.

"నీకు మైల లేదు గదా. చేతులు కడుక్కోని లోపలికి రా."

చుట్టాల్లో ఒకామె వెంటనే అందుకుంది. "అయ్యో, బార్లో పనిచేసేవాణ్ణి వంటింట్లోకా?"

"బార్లో పనిచేసేవాడు గాబట్టే వాడి చెయ్యి వణకదు. నువ్వు సుమ్మా ఊరకుండు వదినా," అంది అత్త.

భర్త పోయిన ఇంట్లో ఆమె గొంతులో అంత అధికారం నేను అంతకుముందు వినలేదు. బార్‌మన్ అలమారా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మూలనుంచి ఆమె చెబుతుంటే అల్లం, చక్కెర వేశాడు. "ఇంకొంచెం. చాలు చాలు. గుడ్డ వదులుగా కట్టు." మైల తీరేదాకా రోజూ డ్యూటీకి పోతూ వచ్చి వేసి వెళ్ళాడు. ఆఖరి రోజున వెళ్ళబోతూ గుమ్మంలో తల గోక్కున్నాడు. అతనికి ఆ గింజలు నాలుగు కావాలి.

బావ నన్ను పక్కకి లాగాడు. "అమ్మకి నువ్వన్నా చెప్పు. వాడే చేసుకుంటే ఇంక మన గడపెందుకు తొక్కుతాడు? వ్యాపారం చేసే ఇంట్లో ఇట్టా కూడా చేస్తారా?"

అది అత్త చెవిన పడింది. "తోడు అడిగితే లేదంటామా రా?" అని మాత్రం అంది. దీపాలు పెట్టే వేళ దాటితే ఇవ్వకూడదని అప్పటికప్పుడే ఒక చిన్న గిన్నెలో వేసి ఇచ్చింది. బావ ఆ సాయంత్రం ఆమెతో మాట్లాడలేదు.

తరవాత ఒక ఎండాకాలం మద్రాసుకి నీళ్ళు లేవు. కొళాయిలు ఎండిపోయి వీధికి లారీ వచ్చేది. ఆ నీళ్ళు బ్లీచింగ్ పౌడరు కంపు కొట్టేవి. అత్త ఆ నీళ్ళు వెడల్పు బేసిన్లో పోసి, వాసన పోయేదాకా ఎండలో పెట్టి, అప్పుడు జాడీకి వాడేది. ఒకనాడు ఆమెకి జ్వరం. బావ ప్రేమగానే, తల్లికి శ్రమ తప్పిద్దామని, లారీ నీళ్ళు నేరుగా జాడీలో పోశాడు.

మర్నాడు అత్త చెవి ఆనించింది. లేచింది. మళ్ళీ ఆనించింది. నన్ను వినమంది. నేనూ విన్నాను. గాజు చల్లగా తగిలింది, అంతే. గింజలు అడుగున జిగటగా అతుక్కుపోయి ఉన్నాయి. కొన్నాళ్ళు చక్కెర మార్చి, అల్లం మార్చి చూసింది. గింజలు లేవలేదు. "చంపవద్దు అనింది ఆయమ్మ," అని ఒకసారి అంది. బావని ఒక్క మాట అనలేదు. అతనే అన్నం తినడం మానేశాడు.

చివరికి ఒకరోజు నన్ను వెంట తీసుకుని ఆమె హోటలుకి బయల్దేరింది. గిన్నె పట్టుకుంది. తోడు అడగడానికి ఖాళీ గిన్నెతో పోకూడదని అందులో లేత అల్లం కొమ్ములు వేసుకుంది. జన్మలో బారు గడప తొక్కని మనిషి, బార్లు తెరవని పగటివేళ, వెనక తలుపు గుండా లోపలికి వెళ్ళింది. చెప్పులు బయటే విడిచింది.

చల్లటి చీకటి గది. వరసగా సీసాలు, వాటి వెనక అద్దం, అద్దంలో మళ్ళీ సీసాలు. వాటి మధ్య, పై అరలో, విదేశీ సీసాల పక్కన, ఒక గాజు జాడీ. మూతికి తెల్లగుడ్డ వదులుగా కట్టి ఉంది. దాంట్లో గింజలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. అత్త చేతిలో గిన్నె కౌంటరు మీద పెట్టి, జాడీ వంక చూస్తూ నిలబడిపోయింది. దండం పెడుతుందేమో అనుకున్నాను. పెట్టలేదు. బార్‌మన్ దించి ఇస్తే చెవికి ఆనించింది.

"కొత్త మేనేజరు కంపెనీ అల్లం బీరు టిన్నులు తెప్పిస్తానన్నాడుక్కా. ఇది తాగి ఊరుకున్నాడు. నువ్వు రుచి చూడు," అని బార్‌మన్ మందు కలపకుండా, నిమ్మకాయ పిండి, రాగి గ్లాసులో అల్లం బీరు ఇచ్చాడు. వోడ్కాతో అలా రాగి గ్లాసులో ఇవ్వడం అప్పుడు కొత్త ఫ్యాషనట.

అత్త గ్లాసు ముట్టుకోలేదు. "రాగిలో పులుపు పోస్తారా ఎవరన్నా? కిలుము పట్టదూ?"

"లోపల చూడక్కా, కళాయి పూయించినాను. నువ్వు తిడతావని తెలీదా నాకు?"

ఆమె లోపలికి తొంగి చూసి, నవ్వి, ఎత్తి తాగింది. "నాదానికంటే ఘాటెక్కువ," అంది. కాసేపాగి, "బాగుండాది," అంది. గిన్నెలో గింజలు పెట్టుకుని, పైట కొంగు కప్పుకుని, ఆటోలో ఇంటిదాకా ఆ గిన్నెని రెండు చేతులతో పట్టుకుంది. ఇంటికొచ్చాక జాడీలో వేసి బావని పిలిచి, చెవి ఆనించమంది. అతను విన్నాడు. వింటూ వింటూ అలాగే ఉండిపోయాడు.

ఆ తరవాత నేను ఊరికి తిరిగొచ్చి అంగడి పెట్టుకున్నాను. ఇప్పుడు అత్తే పోయింది. నేను వెళ్ళేసరికి దహనం అయిపోయింది. నాకూ మూడు రోజుల మైల. నడవలో చాప మీద బావ, పక్కన దీపం. వంటింట్లో పొయ్యి వెలగలేదు, పక్కింటివాళ్ళు అన్నం తెచ్చారు. అలమారా వైపు ఎవరూ చూడటం లేదు. చూడకుండా ఉండటానికి అందరూ కష్టపడుతున్నారు.

సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. బార్‌మన్ చెప్పులు విడిచి, దొడ్లో కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఎవరినీ అడగకుండా లోపలికి వచ్చాడు. అలమారా ముందు మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ విప్పాడు. అల్లం వేశాడు. చక్కెర చెంచాతో తీసి, జాడీ మీదికి తెచ్చి, ఆపి, మూలకి తిరిగి చూశాడు. అలవాటుకొద్దీ చూశాడు. మూల గోడకి ఆమె తలనూనె మరక ఉంది. ఎవరూ చెప్పేవాళ్ళు లేరు. చెంచా అలాగే గాల్లో ఉంది.

"ఇంకొంచెం వెయ్," అన్నాడు బావ చాప మీదనుంచి, తల ఎత్తకుండానే. "ఎండలు ముదిరినాయి గదా."

బార్‌మన్ వేశాడు.

"గుడ్డ వదులుగా కట్టు."

కట్టాడు. జాడీ అడుగున కాసేపు ఏ కదలికా లేదు. తరవాత ఒక గింజ కదిలింది. చక్కెర మసకలోంచి నెమ్మదిగా పైకి వచ్చి, గుడ్డ కింద ఒక బుడగ వదిలి, మళ్ళీ కిందికి దిగింది.