కంచెలో తలుపు

క్యాతగానచెర్లు సోలార్ పార్కులో రాగి కేబుల్ పోయినప్పుడు మా బామ్మర్ది మీద రిపోర్టు రాసింది నేనే. పార్కు కర్ణాటకలోది కాబట్టి కన్నడంలో ఒకటిన్నర పేజీ రాశాను. అందులో ప్రతి వాక్యమూ నిజమేనని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఒక్క వాక్యం నిజం కాదు. అదేదో, అది నాకు ఎప్పుడు తెలిసిందో రాయడానికే కూర్చున్నాను.

అప్పట్లో నేను పార్కులో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. నా భార్య తమ్ముడు మా బ్లాకులోనే గేటు గార్డు. వాళ్లు ఒకప్పుడు గొర్రెలు కాసినవాళ్లు, తర్వాత వేరుశనగ వేశారు. ఆ చేను మొత్తం ప్యానెళ్ల కిందికి పోయి ఇప్పుడు కౌలు వస్తోంది. నాది నిడుగల్లు పక్క వానను నమ్ముకున్న చేను. దాన్ని ఏ కంపెనీ అడగలేదు. ఈ సంగతి కూడా చెప్పాలి. అతన్ని నేను చూసిన చూపులో ఇదీ కొంత కలిసి ఉంది.

గేటు గదిలో వచ్చీపోయే బండ్ల నంబర్లు ఎక్కించడానికి ఒక పాత కంప్యూటర్ ఉండేది. ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి అతను సంగటి డబ్బా పక్కకు నెట్టి దాని ముందు కూర్చుని ఉన్నాడు. తెర అడుగున ఒక చెయ్యి, ఆ చేతిలో తుపాకీ. మనిషి కనపడడు. చూస్తున్నవాడి చెయ్యే అది అన్నట్టు ఉంది. మలుపు తిరిగితే కొమ్ముల దయ్యం. కాల్చగానే నెత్తురు.

"ఏందిరా ఇది?"

"ఆట బావా. పాతది. పావగడలో నేను కంప్యూటర్ నేర్చుకునేటప్పుడు సెంటర్లో అందరూ ఇదే ఆడతాండ్రి."

"డ్యూటీలో దయ్యాలను కాలుస్తాండావా?"

"పొద్దున్నించి గేటుకు మనుషులెవరూ రాల్యా. దయ్యాలన్నా వచ్చినాయి కదా!"

నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లాక మాత్రం ఫోన్‌లో ఆ ఆట గురించి వెతికాను. అలా చేత్తో తుపాకీ పట్టుకుని నడిచే ఆటల్లో తొలి తరంది అట. ఎక్కడో విదేశంలో బడిలో తోటి పిల్లలను కాల్చిన కుర్రాళ్లు దీన్ని తెగ ఆడేవాళ్లని తేలిందట. ఆట వల్లే ఇదంతా అని కొందరు, లక్షల మంది ఆడి ఎవరి జోలికీ పోలేదని కొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మొదటి వాదన శ్రద్ధగా చదివాను. రెండోది వేలితో పైకి తోసేశాను. ఇంకో సంగతి కూడా కనిపించింది. ఎవరికి కావలసిన చోటు వాళ్లు ఆ ఆటలో కట్టుకోవచ్చట. ఎవరో తన బడినే అందులో కట్టి శిక్ష కూడా తెచ్చుకున్నాడట.

అది చదివాక అతను చేసే ప్రతి పనీ నాకు వేరేగా కనపడింది. ప్యానెళ్ల వరసల మధ్య నడుస్తూ పెదవులు కదిలించేవాడు. అడుగులు లెక్కపెడుతున్నాడని తర్వాత అర్థమైంది. వాడేసిన గేటు కాగితాల వెనక గీతలు గీసేవాడు. అతను టీకి వెళ్లినప్పుడు ఒక కాగితం తీసి చూశాను. వరసలు, ఇన్వర్టర్ గది, కెమెరా స్తంభాలు, మా గార్డులు కూర్చునే కుర్చీలు కూడా ఉన్నాయి. వాన నీళ్లు పారే వంక వైపు కంచె మూల దగ్గర ఎర్ర ఇంకుతో "తలుపు" అని రాసి ఉంది. అక్కడ తలుపు లేదు. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుని, కాగితాన్ని ఉన్నచోటే పెట్టేశాను.

కొన్నాళ్లకు కేబుల్ పోయింది. మేనేజరు నన్ను పిలిచి సోమవారంలోగా ఎవరో తేల్చమన్నాడు. లేకపోతే లోకల్ గార్డులందరినీ తీసేసి బయటివాళ్లను తెస్తానన్నాడు. నేను నేరుగా గేటు గదికి వెళ్లాను.

"ఈ తలుపు యాడుండాది రా?"

నా ఫోన్‌లో ఫోటో చూసి అతను నా ముఖంలోకి చూశాడు. "నా కాగితాన్ని ఫోటో కొట్టుకుంటివా? అడిగింటే నేనే ఇస్తాంటి కదా. అది ఆటలోది."

"పార్కునే ఆటలో పెట్టినావా?"

"ఊ. సోలార్ ప్లేట్లు మాత్రం బల్లల మాదిరి వచ్చినాయి. ఆ పాత ఆటలో వాలుగా పెట్టేకి రాదు."

"తలుపు తీస్తే ఏముండాది?"

"ఆడి చూడు బావా. ముందే చెప్తే ఏం మజా?" అని నవ్వాడు.

ఆ నవ్వే నాకు చాలనిపించింది. ఆరోజే రిపోర్టు రాశాను. అడుగులు లెక్కపెడతాడు. కాపలా కుర్చీలతో సహా ప్లాను గీశాడు. మేము కాపలా ఉండే చోటునే తుపాకీతో కాల్చే ఆటగా మార్చుకున్నాడు. ఆ ఆట ఎలాంటిదో విదేశాల్లో అందరికీ తెలుసు. ఇవన్నీ రాసి చివర, అతను గుర్తు పెట్టిన మూలలోనే కంచెకు కన్నం ఉందని, కేబుల్ అక్కణ్నుంచే బయటికి పోయిందని రాశాను. రాసే సమయానికి నేను ఆ మూలకు వెళ్లి చూడలేదు. వెళ్తే కన్నం కనిపిస్తుందన్న నమ్మకంతో రాసేశాను.

మర్నాడు వెళ్లాను. కంచె చెక్కుచెదరలేదు. బయటివైపు పేర్చిన కంపకు సాలెగూడు అలాగే ఉంది. మేకపిల్ల దూరే సందు కూడా లేదు. కాసేపు నిలబడి తిరిగి వచ్చేశాను. దారిలో మేనేజరు ఎదురై నా భుజం తట్టాడు. నేనేమీ చెప్పలేదు.

రెండు రోజులు అతన్ని స్టేషన్‌లో కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. కేసు పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఉద్యోగం మాత్రం పోయింది. గేటు కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేశారు. అతను వెళ్లిపోయాక కేబుల్ ఇంకోసారి పోయింది. అప్పుడు నన్నెవరూ రిపోర్టు అడగలేదు.

నా భార్య అప్పుడు ఒక్క మాట అంది. "కోడిని కోయమంటే పక్కింటోళ్లను పిల్చుకొచ్చేవాడు వాడు. వాడు మనుషులను కాలుస్తాడని రాసినావంట కదా!" ఆ తర్వాత నాతో మాట్లాడటం మానలేదు. ఏ సంగతీ చెప్పడం మాత్రం మానేసింది.

గత ఏడాది ప్యానెళ్ల కింద గడ్డి పెరిగిపోతే ఊరి గొర్రెలను లోపలికి వదలవచ్చని పార్కువాళ్లు ఒప్పుకున్నారు. మా బామ్మర్ది అప్పటికి మళ్లీ గొర్రెలు కొని మేపుకుంటున్నాడు. సొంత చేలో మేపుకునేందుకు మందను తోలుకెళ్తే గేటులో ఆపేశారు. లోపలికి రానివ్వకూడనివాళ్ల జాబితాలో అతని పేరుంది. ఆ జాబితాకు ఆధారం నా రిపోర్టు.

ఆ సాయంత్రం నా భార్య ఇస్త్రీ బట్టల కిందనుంచి ఒక పెన్‌డ్రైవ్ తీసి నా ముందు పెట్టింది. "వాడు నాకిచ్చి పెట్టినది. నువ్వే కదా పెద్దగా చూసినోడివి. ఇప్పుడు సరిగా చూడు."

మోకాళ్ల నొప్పితో అప్పటికే ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నాను. లాప్‌టాప్‌లో పెట్టి తెరిచాను. పార్కే. నీలం బల్లల వరసలు, ఇన్వర్టర్ గది, నా కుర్చీ. కుర్చీలో ఎవరూ లేరు. నన్ను దయ్యంగా చేసి కూర్చోబెట్టాడేమోనని నాకు అనుమానం ఉండేది. వరసల మధ్య దయ్యాలు నన్ను ఎన్నిసార్లు చంపాయో లెక్క లేదు. చివరికి వంక వైపు మూలకు చేరాను. కంచె దగ్గర మీట నొక్కితే గోడ పైకి లేచింది.

అవతల ఒక చేను. పచ్చటి వేరుశనగ సాళ్లు. మధ్యలో రాళ్లు పేర్చి కట్టిన గొర్రెల రొప్పం. నాకు పెళ్లయిన కొత్తలో మా మామ గొర్రెలను రాత్రికి తోలేది అందులోకే. దయ్యాలు లేవు. నేను నమ్మలేదు. రొప్పం చుట్టూ తిరిగాను, ప్రతి మూలా వెతికాను, రాళ్ల మీద రెండుసార్లు కాల్చి కూడా చూశాను. ఏమీ రాలేదు. తెర అడుగున తుపాకీ అలాగే ఉంది.

ఆ ఆట మనుషులను చెడగొడుతుందో లేదో నాకు తెలియదు. దానికి అప్పటికే ఉన్న చెడ్డపేరు లేకపోతే మాత్రం నా రిపోర్టును ఎవరూ రెండోసారి చదివేవాళ్లు కాదు. ఆ పేరు నాకు పనికొచ్చింది.

నా రిపోర్టు తప్పని పార్కు ఆఫీసుకు కొత్త ఉత్తరం రాసుకుని బండి మీద నాగలమడిక వెళ్లాను. ఊరి పక్క మేత దొరక్క అతను పినాకిని ఏటి ఇసకలో గొర్రెలను తిప్పుతున్నాడు.

"ఏం బావా, ఇంత దూరం? అక్క బాగుండాదా?"

"బాగుండాది. ఇది చదువు."

రెండుసార్లు చదివాడు. వెనక్కి తిప్పి అక్కడేమన్నా రాసి ఉందేమో చూశాడు.

"ఇప్పుడెందుకు రాసినావు? ఏం గావల్ల నీకు?"

"ఏమీ వద్దు."

"ఊరికే కాగితం రాసే మనిషివి కాదే నువ్వు."

"తలుపు తీసి చూసినా."

అతను కాగితం మీంచి తలెత్తాడు. "రొప్పం చూసినావా?"

"చూసినా."

"దయ్యాలుండాయేమో అని మూలమూలా ఎదికింటావు."

"ఎదికినా."

"ఆడ ఏమీ పెట్టల్యా బావా." కొంచెం నవ్వాడు. అంతలోనే కాగితం మీద వేలు పెట్టాడు. "పొరపాటున రాసినానని ఉండాదే ఈడ. కంచెను ఎప్పుడు పోయి చూసినావు?"

"రిపోర్టు ఇచ్చిన మర్నాడు."

"మర్నాడు." ఒక గొర్రె పక్కకు పోతుంటే అదిలించి మళ్లీ నా వైపు తిరిగాడు. "అంటే నన్ను స్టేషన్లో కూర్చోబెట్టినప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"అది రాయి. అది లేకుంటే ఈ కాగితం నాకొద్దు. పొరపాటంట!"

అక్కడే ఇసకలో కూర్చుని మళ్లీ రాశాను. కంచెకు కన్నం లేదని, ఆ సంగతి మర్నాడే తెలిసి కూడా దాచానని రాశాను. అతను చదివి తలూపాక దాన్ని పార్కు ఆఫీసులో ఇచ్చాను. జాబితాలోంచి పేరు కొట్టేయడానికి చాలా రోజులు పట్టింది.

మంద లోపలికి వెళ్లిన రోజు నేను గేటు అవతల బండి ఆపి చూస్తున్నాను. గేటులో ఉన్నది నేనెరగని గార్డు, అతనికి ఈ కథలేవీ తెలియవు. గొర్రెలను లెక్కపెట్టి పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. మా బామ్మర్ది పోలేదు. ఎవరూ అడగకుండానే భుజం మీది సంచి దించి, దాని మూతి విప్పి, అడుగు దాకా కనపడేలా గార్డు ముందు పట్టుకుని నిలబడ్డాడు.