బుధవారం రొట్టె

ఆ దీవిలో బేకరీ ఒక్కటే. అది నడిపే ఆవిడను చిన్నా పెద్దా అందరూ వదిన అనే పిలుస్తారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆడపడుచు అలా పిలిచేది. అది విని పక్కింటివాళ్ళు మొదలుపెట్టారు, ఆ తర్వాత ఊరంతా అందుకుంది. ఇప్పుడు ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా "వదినా, రెండు రొట్టెలు" అంటూ వస్తారు.

ఆమె పట్నంలో పుట్టి పెరిగింది. భర్త అవతలి ఒడ్డుకు లాంచీ నడిపే సరంగు. దీవికి వచ్చాక ఆమెకు గాలీ సరిపడలేదు, మనుషులూ సరిపడలేదు. దక్షిణపు గాలి తిరిగితే బట్టీ పొగంతా గదిలోకే కమ్మేది. చెమ్మ పట్టిన రోజున పిండి ఎంతసేపటికీ పొంగేది కాదు. ఇక మనుషులు తలుపు తట్టకుండా వంటింట్లోకి వచ్చి గిన్నెల మూతలు తీసి చూసేవారు.

"నేనిక్కడ తుమ్మితే రేవులోంచి చిరంజీవ అని వినబడుతోంది. ఇదేం ఊరండీ" అని మొగుడి దగ్గర మొరపెట్టుకునేది.

"వినబడని రోజున భయపడాలి" అని ఆయన నవ్వేవాడు.

ఏళ్ళు గడిచేకొద్దీ గాలితో రాజీ కుదిరింది. ఎటు గాలి వీస్తే ఏ కిటికీ మూయాలో అలవాటైపోయింది. మనుషులతో మాత్రం ఒక హద్దు పెట్టుకుంది. కౌంటరు దాటి లోపలికి ఎవరినీ రానిచ్చేది కాదు. అందులోనూ ఆడపడుచును అసలే రానిచ్చేది కాదు. ఆవిడ దీవి బడిలో పంతులమ్మ. అత్తగారు పోయి బేకరీ వదిన చేతికి వచ్చిన కొత్తలో, మొదటి రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని, "అమ్మ చేస్తే ఇలా ఉండేది కాదు" అంది. ఆ మాట వదిన మనసులో గుచ్చుకుని అలాగే ఉండిపోయింది. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా మాటలు పైపైనే.

ఒక చలికాలం నాచు పట్టిన రాళ్ళ మీద కాలు జారి వదిన పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. సరంగు లాంచీలో తీసుకెళ్ళి అవతలి ఒడ్డున ఆసుపత్రిలో కట్టు వేయించి తెచ్చాడు. వాళ్ళు ఇల్లు చేరిన కాసేపటికే సముద్రం మీద పొగమంచు దిగింది. ఇక లాంచీ కదలలేదు. పట్నం నుంచి బ్రెడ్డు వచ్చే దారి లేదు. ఇక్కడ చేసే చేయి చూస్తే కట్టులో ఉంది.

మర్నాడు తెల్లవారుతుండగా బేకరీలో ఏదో చప్పుడైతే వదిన మేడ దిగి వచ్చింది. ఆడపడుచు కౌంటరు లోపల నిలబడి జాకెట్టు చేతులు పైకి మడుచుకుంటోంది.

"నిన్నెవరు రమ్మన్నారమ్మా?"

"ఎవరూ అనలేదు. పిల్లలు ఖాళీ కడుపుతో బడికొస్తే పాఠాలు ఎవరికి చెప్పను? పిండి ఎంత పొయ్యాలో చెప్పు."

"నా రొట్టె నీకు నచ్చదుగా."

పంతులమ్మ చేతులు ఆగాయి. "నేనా మాట అన్నప్పుడు అమ్మ పోయి నెల కూడా కాలేదు వదినా. ఏది తిన్నా అమ్మే గుర్తొచ్చేది. నీ రొట్టెకేం, బాగానే ఉండేది."

వదిన స్టూలు లాక్కుని కూర్చుంది. "నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. ముందా కిటికీ మూసెయ్యి, చలికి పిండి పొంగదు" అంది.

ఆ రోజు రొట్టె రాయిలా వచ్చింది. పళ్ళున్నవాళ్ళు కొరికారు, లేనివాళ్ళు పాలలో నానబెట్టుకున్నారు. వంక పెట్టినవాళ్ళందరినీ పంతులమ్మ మర్నాడు పిసకడానికి రమ్మంది. వలలు అల్లే పెద్దాయన వచ్చాడు, దీవిలో మందులిచ్చే నర్సమ్మ వచ్చింది. "పిండిని అలా లాగకు అన్నయ్యా, తెగుతుంది" అని వదిన స్టూలు మీంచి కేకలేసేది. నర్సమ్మ ఉప్పు వేసిన సంగతి తెలియక పెద్దాయన మళ్ళీ వేశాడు. ఆ రోజు దీవి అంతా మంచినీళ్ళు తాగుతూనే ఉంది. చాలాకాలం తర్వాత వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. గిన్నె మూతలు తీసి చూసే మనుషులే ఇప్పుడు ఆ గిన్నెలు తోముతున్నారు. అడ్డు చెప్పాలని ఆమెకు అనిపించలేదు.

మంచు విడిపోయింది, లాంచీ తిరిగింది, కొన్నాళ్ళకు కట్టూ విప్పారు. కానీ వేళ్ళు బిగుసుకుపోయాయి.

"నీళ్ళు వేడెక్కాక రోజూ కాసేపు సముద్రంలో దిగి చెయ్యి ఆడించు. ఈత అయితే మరీ మంచిది" అంది నర్సమ్మ.

"నాకు ఈత రాదే. మా ఆయనకీ రాదు. లాంచీ ఉండగా ఈతెందుకంటాడు."

"నేను నేర్పిస్తాను. బుధవారం బడి ఒంటిపూటే కదా" అంది పంతులమ్మ.

"మరి బట్టీ?"

"మేం లేమా?" అన్నాడు పెద్దాయన, కాస్త నొచ్చుకుంటూ.

అన్నేళ్ళూ నీళ్ళ మధ్యే ఉన్నా వదిన సముద్రంలో ఏనాడూ మడమలు దాటి తడవలేదు. మొదటి బుధవారం నడుము లోతుకు వెళ్ళేసరికే ఆడపడుచు మెడ పట్టుకుని వేలాడింది. "నన్ను ముంచేస్తావా ఏంటి, వదులు" అని ఆవిడ గోల పెట్టింది. ఎండాకాలం సగం గడిచేసరికి వెల్లకిలా తేలడం వచ్చింది. చెవులు నీళ్ళలో మునిగితే లోకం సద్దు మణిగేది. పైన ఆకాశం, కింద నీళ్ళు, వీపు కింద ఆడపడుచు అరచేయి. ఒకనాడు ఆ అరచేయి ఎప్పుడు తీసేసిందో వదినకు తెలియనే లేదు.

వేళ్ళు బాగయ్యాయి. బుధవారాలు మాత్రం అలాగే మిగిలిపోయాయి. ఆ రోజు పెద్దాయన వాళ్ళు చేసే రొట్టె ఒక వారం మాడుతుంది, ఒక వారం పచ్చిగా ఉంటుంది, ఎప్పుడైనా అద్భుతంగా కుదురుతుంది. జనం గొణుక్కుంటూనే కొంటారు. తడి జుట్టుతో వచ్చిన వదిన కౌంటరు బయటే నిలబడి, తన వంతు వచ్చేదాకా ఆగి, ఒకటి కొనుక్కుని, తుంచుకు తింటూ ఆడపడుచుతో కబుర్లాడుకుంటూ రేవు వైపు నడుస్తుంది.