ఉప్పుబండి

మా ఊరి రైలును ఎవరూ రైలు అనేవాళ్లు కారు, ఉప్పుబండి అనేవాళ్లు. సముద్రం పక్కనున్న ఉప్పు మడుల నుంచి పెద్ద లైను స్టేషను దాకా ఉప్పు మోయడానికే దాన్ని వేశారట. తర్వాత ఎవరికి దయ కలిగిందో, వెనక మనుషులెక్కే పెట్టె ఒకటి తగిలించారు. అందులో మేమూ మా చేపల గంపలూ ఎక్కేవాళ్లం. వాసనకు ముక్కు మూసుకునే పెద్దమనుషులు కూడా, గంపలో ఏముందని అమ్మను అడగకుండా దిగేవాళ్లు కారు.

అక్కకు ఆ స్టేషను ఊరి సంబంధం వచ్చినప్పుడు అమ్మ ఒప్పుకోలేదు. మధ్యలో వాగు, చిత్తడి నేల.

"అంత దూరం ఇస్తే బిడ్డ మొహం చూసేదెట్లా?" అంది.

నాయన నవ్వాడు. "బండి ఉండాది గదా! పొద్దున పోయి మాపటికి వచ్చేస్తావు."

కొన్నేళ్లు అలాగే జరిగింది. అమ్మ వారం వారం వెళ్లి వచ్చేది. వెళ్లలేని రోజు ఎండుచేపల మూట గార్డు చేతికిచ్చేది. మూట చేరేది, కాస్త చిక్కి. "పోనీలే, ఆయనకీ పిల్లలుండారు," అనేది అమ్మ.

అరవైల్లో ఉప్పు లారీలెక్కింది. ఉప్పే లేనప్పుడు బండి దేనికనుకున్నారు. మమ్మల్ని ఒక్కరూ అడగలేదు. ఆ మంట నాకు ఇప్పటికీ చల్లారలేదు. ఆ ఎండాకాలం పట్టాలు పీకారు. వాగు మీది వంతెననూ విప్పి పట్టుకుపోయారు.

కార్తీకంలో అమ్మకు జ్వరం తగిలింది. "పెద్దదాన్ని పిలిపీండి," అని ఒకటే కలవరింత. కబురు తీసుకుని మనిషి వాగు దాటిన తర్వాత కుండపోతగా వాన పట్టుకుంది. చంకలో బిడ్డతో అక్క అవతలి ఒడ్డున కూర్చుండిపోయిందట, నీళ్లు ఎప్పుడు తీస్తాయా అని. తను వచ్చేసరికి మా వాళ్లు అమ్మను సాగనంపి, స్నానాలు చేసి ఇంటికి వచ్చేశారు.

అక్క ఏడవలేదు. తడిచీరతో గుమ్మంలోనే నిలబడింది.

"బండి ఉండాదనే గదా నాయనా, నన్ను ఆ ఊరికిచ్చినావు," అంది.

నాయన తల ఎత్తలేదు. 

రెండేళ్లకు నన్ను చూసుకోవడానికి పెళ్లివారు వచ్చారు. అబ్బాయికి సొంత వలలున్నాయనీ, పడవలో వాటా ఉందనీ అతని మేనమామ చెప్పుకుపోతున్నాడు. నాయన చూపు ఎక్కడో ఉంది. వాళ్ల ఊరికి బస్సు కూడా వస్తుందని ఆ మేనమామ అనేసరికి మాత్రం నాయన ఇటు తిరిగాడు.

"బస్సు మాట వద్దులే అన్నా," అన్నాడు. "మధ్యలో వాగుండాదా?"