నీలాన్ని మింగే ఎరుపు

నేరేడ్‌మెట్‌లో బ్యూటీ పార్లర్ నడిపే కల్పలతకు పేర్లు గుర్తుండవు గానీ పెదవులు బాగా గుర్తుంటాయి. సైనిక్‌పురి నుంచి వచ్చే రిటైర్డ్ ఆఫీసర్ల భార్యలు లేత గులాబీ రంగు అడుగుతారు. పెళ్లికూతుళ్లకు మెరూన్ తప్ప మరొకటి కంటికి ఆనదు. టీచరమ్మలు మాత్రం "వేసినట్టు తెల్వొద్దు, కానీ వెయ్యాలె" అంటారు. తెలియకపోతే మరెందుకు తల్లీ వేసుకోవడం అని కల్పలత లోలోపల నవ్వుకుంటుంది.

ఆమె తల్లి ఎల్లమ్మ మోండా మార్కెట్‌లో కూరగాయలు అమ్మేది. పెదవికి రంగంటే ఆమెకు ఒళ్లుమంట. "ఆకు వక్క నములుతె నోరు ఎర్రగ కాదా? గిదేం పాడు అలవాటే!" అని కూతురు కొనుక్కున్న మొదటి లిప్‌స్టిక్‌ను మోరీలో పారేసింది. భర్త పోయాక ఆ కూతురు ఆ రంగుతోనే పిల్లల్ని చదివించుకుంది. ముసలామె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

లిప్‌స్టిక్ పెదవులకే అనుకుంటారు జనం. కళ్ల కింద నలుపు మీద ఒట్టి ఫౌండేషన్ రాస్తే బూడిద పూసినట్టు ఉంటుంది. ముందు నారింజ కలిసిన ఎర్ర లిప్‌స్టిక్ పలచగా అద్ది, దాని మీద ఫౌండేషన్ రాసి, ఆపైన కారిపోకుండా పౌడర్ నొక్కితే ఆ నలుపు ఏమైందో తెలియదు. ఈ పని చేసేవాళ్లలో చాలామందికి తెలిసిన ఉపాయమే. దెబ్బల నీలాన్ని కూడా ఆ ఎరుపు మింగేస్తుందని మాత్రం కల్పలతకు సృజన వచ్చాకే తెలిసింది.

సృజన, పార్లర్ గది సొంతదారు శ్యామలమ్మ కోడలు. బాత్రూంలో జారిందని ఒకసారి, తలుపు తగిలిందని ఒకసారి అత్తే వెంటబెట్టుకుని వచ్చేది. ఒక్క పిల్లకే ఇన్ని తలుపులు ఎందుకు తగులుతున్నాయో కల్పలత అడగలేదు. అడిగితే గది ఖాళీ చెయ్యమంటుందని భయం. నోరు మూసుకుని అద్దింది, పంపింది. పని బాగా కుదిరినప్పుడు కాస్త గర్వపడింది కూడా. సిగ్గులేని గర్వం.

సృజన ఆడబిడ్డ నిశ్చితార్థం రోజు పొద్దున్నే అత్తాకోడళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి ఎడమ చెంపంతా నీలమే. శ్యామలమ్మ ఫోన్ మాట్లాడుతూ గడప దాటగానే, సృజన అద్దంలో కల్పలత కళ్లలోకి చూసింది.

"అక్కా, రాత్రి నా మొగడు మల్ల కొట్టిండు. ఇయ్యాల మా నాయిన వస్తుండు. ఫోన్ల ఏం చెప్పనిస్తలేరు, అత్త పక్కనే కూసుంటది. నా మొఖం కండ్లార చూస్తె ఆయన నన్ను తోల్కపోతడు. జెర తక్కువ వెయ్యి."

కల్పలత గడప వైపు ఒకసారి చూసింది. కర్ర విరగకుండా పాము చచ్చేలా ఏదైనా చెయ్యాలి. ఎరుపు ఎప్పటిలాగే అద్దింది. ఫౌండేషన్ పలచగా రాసింది. పౌడర్ మాత్రం నొక్కలేదు. "చెమట పడితె కారిపోతది. మీ నాయిన చూస్తడు, ఊకో" అని చెవిలో చెప్పింది. కారితే నెపం ఎండ మీదికి నెట్టొచ్చు. శ్యామలమ్మ లోపలికొచ్చి కోడలి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మంచిగుందంది.

పెళ్లికూతురి మేకప్ సరిచూడడానికి కల్పలత కూడా ఫంక్షన్ హాల్‌కు వెళ్లింది. లోపల అడుగు పెట్టగానే ఒళ్లు చల్లబడింది. ఏసీ హాలు! ఎన్నో పెళ్లిళ్లు చూసిన మనిషి, అసలు సంగతే మరిచిపోయింది. సృజన చెంప మీద చెమట బొట్టు లేదు. తండ్రి పర్వతాలు కూతుర్ని చూసి మురిసిపోయాడు, కడుపునిండా తిన్నాడు. భోజనమయ్యేదాకా అత్త సృజన పక్కనుంచి కదల్లేదు. అత్త తాంబూలాలకు స్టేజీ ఎక్కేసరికి పర్వతాలు చెయ్యి కడుక్కుని సంచి అందుకున్నాడు.

సృజన కల్పలత వైపు చూసింది. ఆ చూపును కల్పలత తట్టుకోలేకపోయింది. గది పోతే పోయిందనుకుంది. తండ్రీకూతుళ్లను చేతులు కడుక్కునే చోటు వెనక్కి తీసుకుపోయి, తడి గుడ్డతో ఆ చెంప తుడిచేసింది. ముందు ఎరుపు వచ్చింది, తర్వాత నీలం బయటపడింది.

"చూడు పెద్దయ్యా. నీ అల్లుడు కొట్టిండు. ఇది మొదటిసారి కాదు. తోల్కపో నీ బిడ్డను."

పర్వతాలు చెయ్యి ఎత్తి ఆ నీలాన్ని తాకబోయి ఆగిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కల్పలతకు ప్రాణం లేచొచ్చింది. ఇక తీసుకెళ్తాడు! అంతలో ఆయన మెడ తిప్పి హాలు వైపు చూశాడు. కుర్చీల నిండా చుట్టాలు.

"మల్ల వెయ్యమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "నలుగురు చూస్తరు."

"నాయినా..." అంది సృజన.

ఆయన తల ఎత్తలేదు. "మీ అమ్మ పడలేదా బిడ్డా? సర్దుకపోవాలె."

సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయాడు. కల్పలత తడి గుడ్డ పట్టుకుని ఆయన వెళ్లిన వైపే చూస్తోంది. సృజనే ఆమె బ్యాగు తెరిచి, వెతికి, ఎర్ర లిప్‌స్టిక్ తీసి ఆమె చేతిలో పెట్టింది. చెంప ఇటు తిప్పి కళ్లు మూసుకుంది.

"ఈసారి పౌడర్ గట్టిగ నొక్కు అక్కా" అంది.