ఒక్క ‘మేం’ కోసం

మా రైటర్ సార్ పోయారన్న కబురు వచ్చేసరికి నేను మైకు ముందు నిలబడి, ఒక డబ్బింగ్ సీరియల్‌లో పనిమనిషి గొంతుతో యజమానురాలిని తిడుతున్నాను. సౌండ్ ఇంజనీర్ అద్దం అవతలి నుంచి చెయ్యి ఊపి, హెడ్‌ఫోన్‌లో మెల్లగా చెప్పాడు. "అక్కా, సార్ పోయిండట. పొద్దుగాల, నిద్రలనే." ఇంకా నాలుగు తిట్లు మిగిలాయి. నాలుగూ తిట్టేసి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. పని సగంలో వదిలేసి వస్తే ఆ సారే నన్ను తిట్టేవారు.

మీరు ఆయన్ని చూసి ఉండరు. ఆయన రాసిన మాటలు మాత్రం మీ ఇంట్లో వినపడే ఉంటాయి. ఇంగ్లీషు సూపర్ హీరో సినిమాలు ఇక్కడికొచ్చినప్పుడు గాల్లో ఎగిరేవాళ్ళూ, గోడలు బద్దలుకొట్టేవాళ్ళూ తెలుగులో మాట్లాడతారు కదా, ఆ తెలుగు రాసే పని ఆయనది. సర్కారు బడిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక రెండు గదుల ఇల్లు. పొద్దున్నే మెట్రో పిల్లర్ల కింద నడుచుకుంటూ పంజాగుట్టలో మా స్టూడియో ఉన్న సందులోకి వచ్చేవారు. చంకలో స్క్రిప్టు, చెవి మీద ఎర్ర పెన్సిల్.

ఆ పెన్సిల్‌తో ప, బ, మ అక్షరాలున్న చోటల్లా సున్నా చుట్టేవారు. తెర మీద మనిషి పెదవులు మూసుకున్నప్పుడు మన మాటలోనూ పెదవులు మూసుకునే అక్షరమే పడాలి. లేకపోతే మాట ఒకచోట, నోరు ఒకచోట ఉంటాయి. అందుకని ఆయన రోజంతా పెదవులే చూసేవారు. ఛాయ్ హోటల్లో టీవీ సౌండ్ లేకుండా నడుస్తుంటే, చర్చల్లో అరుచుకునే పెద్దమనుషుల నోళ్ళకు సరిగ్గా కుదిరేటట్టు మాటలు పెట్టేవారు. "పప్పు మాడింది, పోయి పొయ్యి బంద్ జెయ్యి పో!" హోటలంతా నవ్వేది. ఆయన నవ్వకుండా మిర్చి బజ్జీ కొరికేవారు. నన్ను మాత్రం ఆ ప్లేటు ముట్టుకోనిచ్చేవారు కాదు. "నీ గొంతు ఖరాబైతది బిడ్డా. నాదేమున్నది, రాసేది చెయ్యి."

మాది బల్కంపేట. పదిహేనేళ్ళుగా గొంతు అరువిస్తున్నాను. పనిమనిషి, కూరగాయలమ్మి, రౌడీ పెళ్ళాం, తాగి పడిపోయే మొగుణ్ణి లేపే ఆడమనిషి. "కొంచెం తెలంగాణ కొట్టండమ్మా" అంటారు, కూరలో కారం వెయ్యమన్నట్టు. నా మాట నేను మాట్లాడితే అది కొట్టడం ఎలా అవుతుందో నాకు ఇవాళ్టికీ అర్థం కాదు. ఇప్పుడు పెద్ద హీరోలే మా మాట మాట్లాడుతున్నారు, రోజులు మారాయి అంటారు. మారాయి, కాదనను. ఆ మార్పు ఇంకా మా డబ్బింగ్ గది తలుపు దగ్గరే చెప్పులు విప్పుతోంది.

మైకు దగ్గర మా భాష, బయట వరండాలో మాత్రం "ఏంటండీ, వస్తున్నానండీ" అనడం నాకు అలవాటైపోయింది. పెద్ద పాత్ర ఎప్పుడైనా వస్తుందేమోనని ఆశ. సార్ అది వింటూ ఉండేవారు.

అప్పుడొచ్చింది ఆ సినిమా. కథ చిన్నది. కొందరికి పుట్టుకతోనే ఒక లక్షణం. భయం వేస్తే చేతుల్లో నరాలు దీపాల్లా వెలుగుతాయి. ఆ వెలుగును చూసి ఊరు భయపడి, వాళ్ళందరినీ ఏటి అవతలికి తోసి కంచె వేస్తుంది. వాళ్ళు ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కుని బతుకుతారు. వాళ్ళ నాయకురాలు ఒక బట్టలుతికే ఆమె. మొదటి స్క్రిప్టు, సినిమాను తెలుగులోకి తెస్తున్న కంపెనీ వాళ్ళు ఎవరిచేతనో రాయించి పంపారు. అందులో నాయకురాలు రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది. కంచె లోపల ఒక కోడి దొంగ ఉంది, నవ్వు కోసం పెట్టిన పాత్ర. ఆ ఒక్కతే తెలంగాణ మాట్లాడుతుంది. ఆ పాత్ర నాకిచ్చారు.

సార్ చదివి కాగితాలు బల్ల మీద పెట్టారు. "కంచె లోపటోళ్ళ కథ జెప్తున్నం. అండ్ల మల్ల ఇంకో కంచె మనమే వేసినం" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "నీకెందుకు బిడ్డా పొడుగు చేతుల అంగి? వరండాల ఎవలకు భయపడుతున్నవ్?"

నన్ను చెప్పు తీసి కొట్టినట్టయింది. కోపమొచ్చింది. మీకేం సార్, పెన్షన్ వస్తుంది అనేశాను. ఆయన తల ఊపి, ఎర్ర పెన్సిల్ తీసి, మొత్తం మళ్ళీ రాయడం మొదలుపెట్టారు. నాయకురాలికి మా భాష పెట్టారు, ఆ గొంతు నాదే కావాలన్నారు.

కంపెనీ తరఫున డబ్బింగ్ పనులు చూసే మా కో-ఆర్డినేటర్ గారు చెడ్డ మనిషి కాదు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి శ్రీనగర్ కాలనీలో స్థిరపడినాయన, అందరినీ గారూ అనే పిలుస్తారు. ఆయన తల పట్టుకున్నారు. "కామెడీకి ఆ యాస బ్రహ్మాండంగా ఉంటుంది సార్. ఎమోషన్ దగ్గర జనం నవ్వేస్తారండీ."

"నవ్వుడు ఎవరు నేర్పిండ్రు? మనమే గద. మనమే మాన్పియ్యాలె."

చివరికి గొడవంతా ఒక్క వాక్యం దగ్గర తేలింది. తుపాకుల ముందు నిలబడి నాయకురాలు చెప్పే మాట. సార్ దాన్ని 'మేం' అని మొదలుపెట్టారు. కో-ఆర్డినేటర్ గారు బతిమాలారు. "'మేం' అంటే వేరు చేసినట్టుంటుంది సార్. 'మనమందరం ఇక్కడే పుట్టాం' అందాం. లిప్పుకి కూడా సరిపోతుందండీ."

"పెదవులు రెండిటికి కలుస్తయ్. మనుషులు సుత కలవాలె గద" అన్నారు సార్. "ఇంగ్లీషుల రెండిటికి ఒకటే మాట, అందుకె వాడు తప్పించుకుంటడు. మనకు రెండున్నయ్, తప్పించుకునే తొవ్వ లేదు. కంచె వేసినోని ముంగట నిలవడి ఆమె 'మనం' అని ఎట్లంటది? 'మనం' అనే మాట ముందుగాల కంచె వేసినోడు అనాలె."

ఆ రోజు నేనొక మాట అడిగాను. వెలిగే నరాలూ, ఎగిరే మనుషులూ, వీటిలో మన కథ ఉందంటారా సార్ అని. "ఉన్నది, అబద్ధం సుత ఉన్నది" అన్నారు. "వాళ్ళ ఒంట్ల వెలుగున్నది గాబట్టి ఊరు భయపడ్డది. మన దగ్గర ఏమున్నదని నవ్విండ్రు? వట్టి మాటనే గద. గా అబద్ధం నేను సరిజెయ్యలేను. మాటనన్న సరిజేస్త."

కంపెనీ ఆ స్క్రిప్టును ఇంకో రచయితకు ఇచ్చి పుస్తకాల తెలుగులోకి నున్నగా దిద్దించింది. సార్ పట్టు వదల్లేదు, రోజూ వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. ఆఖరికి ఒక ఒప్పందం కుదిరింది. నాయకురాలి గొంతు నాదే. మిగతా మాటలన్నీ దిద్దినవి. ఆ ఒక్క వాక్యం మాత్రం సార్ రాసినట్టే. బదులుగా తెర మీద పడే పేరు ఆ ఇంకో రచయితది. నేను గొడవ పెట్టుకోబోతే సార్ ఆపారు. "పేరు పోతే పోనియ్. 'మేం' ఉండాలె."

సినిమా విడుదలైన రోజు పొద్దుటి ఆటకు మాల్ పై అంతస్తులోని హాలుకు ఇద్దరం వెళ్ళాం. ఆ ఘట్టం వచ్చింది. తుపాకులు లేచాయి. ఆమె చొక్కా చేతులు పైకి మడిచింది. "మేం ఈడనే పుట్టినం. యాడికీ పోం."

నవ్వారు. నలుగురైదుగురు కాదు, సగం హాలు. ఆ మాట వినగానే నవ్వడం వాళ్ళకు ఎన్నో ఏళ్ళ అలవాటు. నాకు కుర్చీ కిందికి దూరిపోవాలనిపించింది. తెర మీద ఆమె కదల్లేదు. చేతుల్లో నరాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి, భయపడుతోంది, అయినా అక్కడే నిలబడి ఉంది. హాల్లో నవ్వు తగ్గి, ఆగిపోయింది. ఎవరో దగ్గారు.

బయటికొచ్చాక సార్ అన్నారు. "అలవాటుతోని నవ్విండ్రు. మల్ల ఆపిండ్రు గద. ఒక్క మాటకు గింతకన్న ఏం గావాలె?" ఆ రోజు నాకు బజ్జీ తినడానికి అనుమతి దొరికింది. ఆ మర్నాటి నుంచి వరండాలో నా మాట నేను మాట్లాడుతున్నాను. అది సార్ ఇచ్చింది. అప్పుడు థాంక్స్ కూడా చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

పోయిన నెల స్టూడియోలో సంతాప సభ పెట్టారు. కో-ఆర్డినేటర్ గారు ఏడ్చారు, నిజంగానే ఏడ్చారు. "మనం ఒక గొప్ప రచయితను కోల్పోయాం" అన్నారు. ఆయన కన్నీళ్ళ మీద నాకు అనుమానం లేదు. ఆ మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. లేచి నిలబడ్డాను. "సార్‌ను మేం పోగొట్టుకున్నం. గా సినిమా ఇప్పటికీ ఫోన్లల్ల ఆడుతున్నది. పేర్ల కాడ సార్ పేరు వెయ్యుండ్రి. గప్పుడు 'మనం' అని అందం" అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకుని, చూద్దాం అమ్మా అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

అందుకే ఇక్కడ కూడా ఆయన పేరు రాయలేదు. గమనించే ఉంటారు. ముందు పడాల్సిన చోట పడాలి. అది పడేదాకా అడుగుతూనే ఉంటాను. అంతవరకూ ఆయన మా సారే. మన సార్ అనడం వాళ్ళ చేతుల్లో ఉంది.

నిన్న డబ్బింగ్ గదిలో మైకు సరిచేయడానికి ఇంజనీర్ ఆ పాత సీనే సౌండ్ లేకుండా వేశాడు. తుపాకులు లేచాయి. ఆమె చొక్కా చేతులు మడిచి నోరు తెరవబోయింది. అతను స్టాండు మీద పెట్టిన సార్ పాత కాగితంలో 'మ' చుట్టూ ఎర్ర సున్నా ఇంకా ఉంది. నన్నెవరూ అడగలేదు. ఆమె పెదవులు కలిశాయి, నేను "మేం" అన్నాను.