లేసుల గ్రెగర్

మా తాతయ్య గ్రెగర్ హ్యాగర్ట్‌కి ఒకటే వ్యసనం: బూటు లేసు కట్టుకోవడం. ఇన్వర్‌లెకీ రోవర్స్ జట్టుకి పదహారేళ్లు మిడ్‌ఫీల్డర్‌గా ఆడి నాలుగు గోల్స్ కొట్టాడు. అందులో ఒకటి మా గోల్‌లోకే. కట్టిన లేసులు ఎన్నంటే, నాకు అంత దాకా లెక్కపెట్టడం రాదు.

బంతి గీత దాటితే విసిరేది తాతయ్యే, కార్నర్ కొట్టేదీ తాతయ్యే. బంతి చేతికి రాగానే పక్కన పెట్టి, బురదలో మోకాలు ఆనించి, ముడి విప్పి మళ్లీ కట్టేవాడు. గెలుస్తున్నప్పుడు అలా చేస్తే తెలివి అనుకోవచ్చు. ఈయన మూడు గోల్స్ వెనకబడ్డా అంతే!

"ఒరేయ్ గ్రెగర్, ఓడిపోతున్నాంరా!" అని మేనేజర్ బాక్స్టర్ గీత పక్కన గంతులేసేవాడు.

"చూశాను బాస్. ఓడేటప్పుడు బూటు ఊడితే ఇంకా పరువు తక్కువ."

చూడ్డానికి వచ్చేది రెండొందల మంది, మూడు కుక్కలు. "లేసు కట్టడం మీ అమ్మ నేర్పలేదా?" అని అరిచేవారు.

"నేర్పింది. మరిచిపోకుండా సాధన చేస్తున్నా!"

ఆలస్యం చేస్తున్నాడని రిఫరీలు ముప్పై ఒక్కసార్లు ఎల్లో కార్డు చూపించారు. పెళ్లిలోనూ ఇదే గోల అని నానమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. తోడుపెళ్లికొడుకు మర్డో ఉంగరం మరిచిపోయి, మళ్లీ ఇంటికెళ్లి పరుగెత్తుకొచ్చాడట. తీరా ఉంగరం వచ్చాక, పెళ్లికొడుకు పాదిరిగారి ముందే లేసు కట్టుకుంటూ కూర్చున్నాడట.

ఈ మర్డో కూడా మా తాతయ్య ఆడిన జట్టులోనే డిఫెండరు. ఊళ్లో బేకరీలో పని, తెల్లవారకముందే పిండిలో దిగేవాడు.

తాతయ్యకి కెప్టెన్ కావాలని పదేళ్ల కోరిక. చివరికి బాక్స్టర్ కెప్టెన్ చేతి పట్టీ ఇస్తూ ఒకటే షరతు పెట్టాడు: "లేసు ముట్టుకున్నావో, ఇది ఊడబెరుకుతా."

నానమ్మ ఫోటో కోసం ఫ్రేము కూడా కొనేసింది. ఆట మొదలైన నలభై నిమిషాలకు బంతి గీత దాటింది. తాతయ్య పట్టీ వైపు చూశాడు, మైదానం వైపు చూశాడు, మోకాలి మీద కూర్చున్నాడు. విరామంలో బాక్స్టర్ పట్టీ పీకి మర్డో చేతికి కట్టాడు. ఆ ఫ్రేములో ఇప్పుడు మా పిల్లి ఫోటో ఉంది.

మొన్న తాతయ్య పుట్టినరోజుకి నేను లేసుల్లేని బూట్లు కొనిచ్చాను, అతుక్కునే పట్టీలవి. ఇక ఏం కట్టుకుంటాడో చూద్దామని!

శనివారం తాతయ్య, మర్డో తాతయ్య, నేను ముగ్గురం ఆట చూడ్డానికి మైదానం గుట్ట ఎక్కుతున్నాం. సగం దారిలో మర్డో తాతయ్య ఊపిరి ఈల వేయసాగింది. మా తాతయ్య టక్కున కూర్చున్నాడు. చర్ర్ మని పట్టీ ఊడదీశాడు, అతికించాడు. మళ్లీ చర్ర్.

"తాతయ్యా, దానికి లేసే లేదుగా!"

"అందుకే వెతుకుతున్నా. నోర్ముయ్."

మర్డో తాతయ్య గోడకు ఆనుకుని, నా చెవిలో అన్నాడు: "పిండి నా ఛాతీలో పేరుకుపోయిందే. ఆయాసపడేవాణ్ని బాక్స్టర్ జట్టులో ఉంచేవాడు కాదు. నేను రొప్పినప్పుడల్లా మీ తాత లేసు ఊడేది. ఆ కెప్టెన్ పట్టీ పోయిన రోజూ అంతే. ఆ లేసు పుణ్యమాని పద్నాలుగేళ్లు ఆడాను. నాకు తెలుసని వాడికి చెప్పకు. సిగ్గుపడి చస్తాడు."

పైన మైదానంలో ఆట మొదలైన ఈల వినిపించింది. మర్డో తాతయ్య ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. మా తాతయ్య మోకాళ్లు మాత్రం ఎంతసేపని ఓర్చుకుంటాయి? చేత్తో నేల ఊతం తీసుకుని లేచాడు.

నేను కూర్చున్నాను. నా బూటు ముడి గట్టిగానే ఉంది. విప్పేశాను.

"నీకేమొచ్చిందే?" అన్నాడు తాతయ్య.

"లేసు ఊడింది, తాతయ్యా."

ఆయన నా బూటు వైపు చూశాడు, మర్డో వైపు చూశాడు.

"రెండు ముళ్లు వెయ్యి," అన్నాడు. "నెమ్మదిగా."