సరే అనేదాకా

సెలూన్ ఆయన కత్తి ఇరవై ఏడేళ్లలో మొదటిసారి తప్పింది. తప్పింది కూడా ఎవరి దగ్గర? ప్రతి శుక్రవారం గడ్డం గీయించుకునే హెడ్మాస్టారి దగ్గర. చెవి పక్క గీస్తుండగా కుడి భుజం మేకు కొట్టి బిగించినట్టు పట్టేసింది. చెయ్యి జారి చెవి తమ్మె తెగింది. తెల్లటి గుడ్డ మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. హెడ్మాస్టారు పల్లెత్తు మాట అనలేదు. జేబురుమాలు చెవికి అదుముకుని వెళ్లిపోయారు, తర్వాతి శుక్రవారం రాలేదు. నాలుగు తిట్టి వెళ్లినా బాగుండేదని సెలూన్ ఆయన కుమిలిపోయాడు.

ఉన్నది ఒకటే కుర్చీ. చెయ్యి చెవి ఎత్తుకు లేవకపోతే అది ఉండీ లేనట్టే. మందుబిళ్లలు అయ్యాయి, పూతలు అయ్యాయి. చివరికి ఎముకల డాక్టరు కీలులోకి ఇంజెక్షన్ చేస్తానంటే, "మళ్లీ వస్తానండి" అని ఈయన లేచి వచ్చేశాడు. మనిషి పిరికివాడేం కాదు గానీ, సూది పేరెత్తితే పై ప్రాణాలు పైనే పోతాయి. చిన్నప్పుడు జ్వరమొస్తే, వద్దు వద్దని మొత్తుకుంటున్నా వినకుండా నలుగురు మంచానికి అదిమిపట్టి పొడిపించారు. ఆ చేతులు ఇంకా ఒంటి మీదే ఉన్నట్టుంటుంది ఆయనకు. కూతురికి రక్తపరీక్ష చేయిస్తే కళ్లు తిరిగి పడిపోయింది కూతురు కాదు, ఈయన.

"ఒక పెద్ద సూదా, పది సన్న సూదులా? ఏదో ఒకటి తేల్చండి," అంది భార్య. "లేదంటే షట్టర్ దించేసి ఇంట్లో కూర్చుని నా తల తినండి."

సన్న సూదులవాళ్లు కళ్లజోళ్ల షాపు మేడ మీద ఉన్నారు. ఆక్యుపంక్చర్ డాక్టరమ్మ. మెట్లెక్కుతుంటేనే ఆయనకు చెమటలు పట్టాయి. గదిలో ఎత్తు బల్ల, దీపం, ఉక్కు పళ్లెం. చొక్కా విప్పి కూర్చున్నాడో లేదో, చెయ్యి లేవని మనిషికి భుజాలు మాత్రం చెవుల దాకా లేచాయి.

ఇలా బిగుసుకునేవాళ్లను ఆయన రోజూ చూస్తాడు. మెడకు కత్తి ఆనగానే కొందరు ఊపిరి కూడా బిగబడతారు. "కదలకండి" అని కసిరి పని కానిచ్చేస్తాడు. ఆయనకు తెలిసిన మంత్రం అదొక్కటే.

డాక్టరమ్మ ఆ మాట అనలేదు. చీమ కుట్టినట్టు ఉంటుందనే అబద్ధమూ చెప్పలేదు. ఒక సూది తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"ముందు చూడండి. తలవెంట్రుకంత సన్నం."

ఆయన వేళ్ల మధ్య పెట్టి నలిపి చూశాడు. ఎంత భయమున్నా వృత్తి ఊరుకోదు కదా. "తలవెంట్రుకంటే ఒప్పుకోనండి. ఇది మీసం వెంట్రుక."

"మీసమే అనుకుందాం." ఆమె కొత్త సూది తీసి, ఆయన భుజాన్ని వేలితో తాకింది. "ఇక్కడ పెడతాను. మీరు సరే అనేదాకా పెట్టను. మధ్యలో వద్దంటే తీసేస్తాను."

ఆయన తలుపు ఎంత దూరముందో చూసుకున్నాడు. ఐదడుగులు. చొక్కా లేకుండానైనా పారిపోవచ్చు. బెంచీ మీద కూర్చున్న భార్య లేవలేదు. ఎవరూ వచ్చి పట్టుకోలేదు. నలభై ఏళ్లుగా భయపడుతున్న ఆ నలుగురి చేతులు ఎంతకీ రాలేదు. డాక్టరమ్మ చెయ్యి గాల్లోనే ఆగి ఉంది, ఆమె ముఖంలో విసుగు లేదు.

"సరే," అన్నాడు.

"వినపడలేదండి."

"సరే అన్నానండి."

చురుక్కుమంది. లోపలెక్కడో బరువుగా లాగింది. అంతే. ఆయనకు ఏడుపొచ్చింది, నొప్పికి మాత్రం కాదు. ఆ రోజు ఎనిమిదిసార్లు సరే అన్నాడు.

ఏడోసారి వెళ్లొచ్చాక చెయ్యి చెవి ఎత్తుకు లేచింది. పైన కాసేపు ఉంచితే మాత్రం సలుపుతోంది.

ఆ శుక్రవారం హెడ్మాస్టారు వచ్చారు. చెవి తమ్మె మీద సన్నటి గీత. దవడ కింద ఇంకెవరో గీస్తూ వదిలేసిన నాలుగు వెంట్రుకలు. "అలవాటు పోలేదయ్యా," అంటూ కూర్చున్నారు.

నురగ రాసి కత్తి తెరిచేసరికి, అద్దంలో పెద్దాయన భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. "కదలకండి" అనే మాట సెలూన్ ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"మాస్టారూ, ఇక్కడ మొదలుపెడతాను," అని చెవి పక్కన వేలితో తాకాడు. "మీరు సరే అనేదాకా పెట్టను."

హెడ్మాస్టారు కళ్లు మూసుకున్నారు. పలకలేదు. కత్తి చెవి ఎత్తున, జానెడు దూరంలో ఆగింది. సలుపు భుజంలో మొదలై మోచేతి దాకా దిగింది. సెలూన్ ఆయన చెయ్యి దించలేదు. అద్దంలో ఆ ముసలి భుజాలు కొంచెం కొంచెంగా కిందికి దిగడం చూస్తూ నిలబడ్డాడు.

"సరేనయ్యా," అన్నారు హెడ్మాస్టారు. "కానివ్వు."